తడి కోట్ల గది

నవంబరు శనివారం. వేల్సు కొండల్లో వాన
పలకరాళ్ళ కప్పు మీద గుప్పిళ్ళతో శనగలు చల్లుతోంది.
ఒకప్పుడు గని కూలీల బస, ఇప్పుడు పిల్లల శిబిరం.
పెద్దవాళ్ళం పన్నెండు మందిమి వచ్చాం,
ఎవరి పిల్లల్నో ఊరు దాటించి
మళ్ళీ ఊరు చేర్చడం నేర్చుకుందామని.

నేను బడి వంటశాలలో గరిటె తిప్పే మనిషిని.
ఇద్వాల్ పోస్టు వ్యాను నడుపుతాడు.
టెగిద్‌కి గడ్డముంది, మెడలో ఈలుంది,
ఇరవై రెండు ఇంకా నిండలేదు.

మాకు నేర్పే ఆవిడ మెరెరిద్.
బిస్కెట్ల డబ్బాలో చీటీలు కలిపి తెచ్చి
"తలా ఒకటి తియ్యండి.
రేపు పొద్దుటిదాకా మీరు ఆ బిడ్డే" అంది.
టెగిద్‌కి పక్క తడిపే పిల్లాడొచ్చాడు.
చెవులు ఎర్రబడ్డాయి. నవ్వబోయి మానేశాం.
నా చీటీలో ఇంతే:
"తొమ్మిదేళ్ళు. కడుపునొప్పి అంటుంది.
నొప్పి కడుపులో కాదు."

దీపాలార్పాక, పై మంచం మీద
యాభై ఒక్కేళ్ళ మోకాళ్ళు ముడుచుకుని
"కడుపునొప్పి" అన్నాను, నాకే నవ్వొచ్చేలా.
లీడరు వంతు ఇద్వాల్‌ది.
ఏం తిన్నావన్నాడు. మందుల కాగితం తిరగేశాడు.
"ఇల్లు గుర్తొస్తోందా?" అన్నాడు.
ఆ మాట నన్నెవరూ అడిగి నలభై ఏళ్ళు దాటింది.
నటన ఎక్కడ తెగిందో తెలీదు, దిండు తడిసింది.

అతను ఇంకేమీ అడగలేదు.
తలుపు బార్లా తీసి, నడవాలో లైటు వేసి,
మంచానికి మూరెడు ఎడంగా నేల మీద చతికిలబడి
బూటు తాడుకి పడ్డ చిక్కుముడి విప్పుతూ కూర్చున్నాడు.
అది వీడిపోయాక
తనే మళ్ళీ చిక్కు వేసుకుని విప్పాడు.
ఎప్పుడు నిద్ర పట్టిందో.

రెండింటికి గంట మోగింది.
పైజమాల మీద కోట్లు, ఒకరి బూటు ఒకరి కాలికి.
గోడ అవతల గొర్రెలు లేచి మమ్మల్ని చూశాయి.
టార్చి వేసి టెగిద్ లెక్కపెట్టాడు, తనతో కలిపి పన్నెండు.
ఫారం మీద టిక్కు.
హమ్మయ్య అనుకుని వణుకుతూ నిలబడ్డాం.
"మెరెరిద్ ఏది?" అని ఎవరో అన్నది
చాలాసేపటికి.

వంటిల్లు, స్నానాల గది, వాగు గట్టు.
పేరు పెట్టి పిలిచాం. వాన బదులు పలికింది.
చివరికి, తడి కోట్లు ఆరేసే గదిలో
వేలాడే బట్టల వెనక, చీకట్లో,
గోడకి వీపానించి కూర్చుని ఉంది.
ఆవిడ చేతిలోనూ ఒక చీటీ:
"పదకొండేళ్ళు. గొడవ చెయ్యడు.
లేడని ఎవరికీ తోచదు."

"పంతొమ్మిది నిమిషాలు" అంది, గడియారం చూడకుండానే.
"వాడికది ఎంతసేపో రాయడానికి
మీ ఫారంలో గడి లేదు."
తిడుతుందని కాసుకున్నాం. తిట్టలేదు.
ఒడిలో ఉన్న చిన్న పసుప్పచ్చ రెయిన్‌కోటు,
పాతది, బొత్తాం ఊడింది,
కొక్కేనికి సరిగ్గా తగిలించి
"టీ పెట్టండి" అంది.
అదెవరిదని అడగడానికి
పన్నెండు మందిలో ఒక్కరికీ నోరు రాలేదు.

ఆదివారం తాడు ముడులు, కాలిన గాయానికి చన్నీళ్ళు,
బస్సు ఆగాక ఎవరు ముందు దిగాలి.
రొట్టెలు నేనే మాడ్చాను.
సర్టిఫికెట్టులో నెస్టా బదులు నెట్టా అని పడింది.
దిద్దించుకోలేదు.

సోమవారం బడి. మధ్యాహ్నం గంట.
పళ్ళేలు అందిస్తూ, ఎన్నడూ లేనిది,
లెక్కపెట్టాను: ముప్పై నాలుగు.
కిటికీ పక్కన ఒకడు బఠాణీలు
ఒక్కొక్కటే అంచుకి నెట్టుకుంటున్నాడు, చప్పుడు లేకుండా.
వాణ్ణి కలిపానా?
వెనక వరస ఆకలని అరుస్తోంది.
గరిటె కింద పెట్టి
మళ్ళీ ఒకటి నుంచి.